ఫ్లెక్సీలో పెళ్లికూతురు

పోయినవారం కథలో దేవవ్వను గడప మీదే నిలబెట్టి వచ్చాం. కామారెడ్డిలో ఆమె అద్దెకుండే రెండు గదుల ఇంటి ముందు కొడుకు సంపత్ బండి ఆపాడు. వెనక కూర్చున్న పిల్లవాడు హెల్మెట్ తీశాడు. భుజాల దాకా జుట్టు, ఎడమ చెంప మీద సొట్ట. ఆ సొట్టను దేవవ్వ అంతకుముందే ఒకసారి చూసింది. హైదరాబాదులో, తెల్లటి గోడ మీద, నిలువెత్తు ఫోటోలో. ఎర్రంచు పసుపు చీర కట్టి, ముక్కుకు పుల్ల పెట్టి, నుదుట బాసింగంతో నవ్వుతున్న పెళ్లికూతురు. "ఎవరి పిల్లరా, ఎంత కళగున్నది" అని తాను మురిసిపోయిన ఆ పిల్ల ఎల్లారెడ్డికి చెందిన వంశీ అనే మగపిల్లవాడని ఆమెకు తెలిసిన క్షణం అది.

తెలిసేసరికి జరగాల్సింది జరిగిపోయింది. సంపత్‌కు ఆ ఫోటో మీద బహుమతి వచ్చిందని దేవవ్వ ఎల్లారెడ్డిలో ఉండే తమ్ముడు హన్మండ్లును తోడు తీసుకుని హైదరాబాదులో ఆ ఫోటోల ప్రదర్శనకు వెళ్లింది. గుమ్మంలోనే బోర్డు ఉంది, లోపల ఎవరూ ఫోన్‌తో ఫోటోలు తీయకూడదని. సంపత్ కూడా నోటితో చెప్పాడు. అది పరాయివాళ్లకు గానీ కన్నతల్లికి కాదనుకుంది దేవవ్వ. కొడుకు ఎవరితోనో మాటల్లో పడగానే, వాడి పక్కన నిలబడి, వెనక ఆ పెళ్లికూతురి ఫోటో పడేటట్టు తమ్ముడి ఫోన్‌లో ఒకటి తీయించుకుంది. "పది మందికి తెల్వాలె తమ్మీ, మన ఎల్లారెడ్డిల ఒక ఫ్లెక్సీ కట్టియ్యి" అన్నది కూడా ఆమే.

హన్మండ్లు ఆ ఫోటోను ఫ్లెక్సీ దుకాణంలో ఇచ్చి, "మా అల్లునికి శుభాకాంక్షలు అని రాయి, మంచిగ సెయ్యి" అని చెప్పి వరినాట్లకు వెళ్లిపోయాడు. దుకాణంవాడు చూశాడు. ఒక పిల్లగాడు, ఒక పెళ్లికూతురు, పక్కన తల్లి. ఇంకేముంది, పెళ్లి అనుకున్నాడు. తల్లిని కత్తిరించి తీసేశాడు. పిల్లగాణ్ణి, పెళ్లికూతుర్ని జంటగా పక్కపక్కన నిలబెట్టాడు. చుట్టూ గులాబీలు, పైన వినాయకుడు, కింద వరుసగా మేనమామల ఫోటోలు పెట్టాడు. పది అడుగుల ఆ ఫ్లెక్సీ ఎల్లారెడ్డి బస్టాండు ముందు మూడు రోజులు గాలికి ఊగింది. నాలుగో రోజు తెల్లారగట్ల సంపత్, వంశీ వచ్చి దాన్ని కోసి కిందికి దించారు. దించుతుంటే ఎవరో చూశారు. చూసినవాళ్లు ఆ పెళ్లికూతురు వంశీయేనని పోల్చి, వాడి అన్న మహేందర్‌కు చెప్పారు.

ఇప్పుడు అదే రోజు మధ్యాహ్నం రెండవుతోంది. 

దేవవ్వ ఇద్దరినీ లోపలికి లాగి తలుపు గొళ్లెం పెట్టింది. చాటలో సగం చుట్టిన బీడీలు అట్లాగే ఉన్నాయి. ఆమెకు భయం కొత్తది కాదు. సంపత్ బస్సెక్కితే బస్సు లోయలో పడ్డట్టు కళ్లకు కట్టేది. పెద్ద పెద్ద లైట్ల మధ్య పని అంటే కరెంటు కొట్టి చచ్చిపోతాడేమోనని మంగళవారాలు ఉపవాసం ఉండేది. ఫోన్ మోగితే చెడ్డ కబురే అనుకుని ఎత్తేది, మోగకపోతే ఇంకా పెద్ద చెడ్డ కబురు అనుకునేది. ఇన్నేళ్లుగా అన్ని రకాల చావులూ ఊహించిన తల్లికి, ఆపద తన చేతి మీదుగానే బయల్దేరి వస్తుందని మాత్రం ఏనాడూ తోచలేదు.

"నాకు తెల్వక చేసిన బిడ్డా," అంది వంశీతో. చేతులు పట్టుకుందామనుకుంది. ధైర్యం చాలలేదు.

"తెలుసవ్వా. నువ్వు ఏడ్వకు," అన్నాడు వంశీ. వాడి గొంతు మామూలు మగపిల్లల గొంతే. ఆ గొంతు విని దేవవ్వకు ఎందుకో ఇంకా ఏడుపొచ్చింది.

సంపత్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "ఒక్క వంశీ ముచ్చట కాదవ్వా. నలభై ఇద్దరున్నరు ఆ గోడ మీద. నా మాట మీద నమ్మకంతోని నిలవడ్డోల్లు. పొద్దుగాల్నుంచి ఫోన్లే ఫోన్లు. 'మా ఫోటో తీసెయ్యి సంపతన్నా, మా ఊర్ల గుడ ఫ్లెక్సీ కడ్తరేమో' అని ఏడుస్తున్నరు."

కొడుకు పని ఏమిటో దేవవ్వకు సగమే తెలుసు. పగలంతా చీరల దుకాణాలకు, బట్టలు కుట్టించే పెద్ద పెద్ద డిజైనర్లకు ఫోటోలు తీస్తాడు. సన్నటి ఆడపిల్లలు, మగపిల్లలు గొడుగుల్లాంటి లైట్ల కింద గంటలు గంటలు నిలబడతారు. కొంగు ఎటు ఎగరాలో, గడ్డం ఎంత ఎత్తాలో సంపత్ చెబుతాడు. ఆ సగం ఆమెకు తెలుసు. సాయంత్రాలు ఒక హోటలు కింది గదిలో చేరే మనుషుల సంగతి ఇంతకుముందు తెలియదు. అక్కడ మగపిల్లలు చీర కట్టి ఆడతారు. ఆడపిల్లలు లుంగీ పైకి మడిచి కవిత్వం చదువుతారు. ముప్పై ఏళ్లుగా ఒకే ఇంట్లో కలిసి బతుకుతున్న ఇద్దరు ముసలమ్మలు ముందు వరసలో కూర్చుని ఈలలు వేస్తారు. సంపత్ నాలుగేళ్లుగా వాళ్ల ఫోటోలు తీస్తున్నాడు. కెమెరా ఎత్తే ముందు ప్రతి ఒక్కరి చేతా ఒక కాగితం రాయించుకుంటాడు, తమ మొఖం ఎక్కడిదాకా పోవచ్చో. వంశీ రాసింది మూడు ముక్కలే. గోడ మీద మాత్రమే. ఫోన్లల్ల వద్దు. ఎల్లారెడ్డి దిక్కు అసలే వద్దు.

"గోడ మీద మాత్రమే," అని దేవవ్వ మెల్లగా తనలో తాను అనుకుంటుండగానే సందులోకి కారు వచ్చిన చప్పుడైంది. 

కిటికీ సందులోంచి చూసి వంశీ వెనక్కి జరిగాడు. "మా అన్న," అన్నాడు.

వెనక దారి లేదు. పెరట్లో పక్కింటి మూడంతస్తుల గోడ. దేవవ్వ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. లోపలి గదిలోకి వాణ్ణి నెట్టింది. అక్కడ తడి గోనెల్లో బీడీలు చుట్టే తునికాకు కట్టలు, పక్కన తంబాకు సంచులు. మూలకు కూర్చోబెట్టి, పైన గోనెలు కప్పి, "పానం పోయినా చప్పుడు చెయ్యకు కొడుకా" అని గడియ వేసి వచ్చింది. వచ్చేసరికి ముందు తలుపు మీద కాలితో తన్నుతున్నారు. మూడో తన్నుకు గొళ్లెం ఊడి ఎగిరిపడింది.

మహేందర్ పెద్ద పొడుగరి కాదు గానీ ఒళ్లు రాయి కట్టినట్టుంటుంది. ఎనిమిదేళ్లు మస్కట్‌లో ఇనుము మోశాడు. వెనకే కారు తాళాలు వేలికి తిప్పుతూ వాడి మేనబావ చక్రధర్ వచ్చాడు.

"ఏమవ్వా, వియ్యపోల్లం వచ్చినం. కాల్లకు నీల్లియ్యవా?" అన్నాడు చక్రధర్ నవ్వుతూ. "ఫ్లెక్సీ కట్టినోల్లు తాంబూలం మడుపులు గుడ పంపాలె గద. గంత అగ్గువకు చేస్తరా లగ్గం?"

మహేందర్ నవ్వలేదు. "మా తమ్ముడేడి?" అన్నాడు.

"నీ తమ్ముడెవలో మాకేమెరుక బిడ్డా," అంది దేవవ్వ.

సంపత్ లేచి నిలబడుతున్నాడు. పూర్తిగా లేవనివ్వలేదు మహేందర్. గడప లోపల పడి ఉన్న హెల్మెట్ అందుకుని మొఖం మీద కొట్టాడు. ఆ చప్పుడు దేవవ్వ జన్మలో మర్చిపోలేదు. టెంకాయ కొట్టిన చప్పుడు కాదు, అంతకంటే మెత్తటిది. సంపత్ ముక్కులోంచి రక్తం ధారగా కారి తెల్లచొక్కా మీద పడింది. రెండో దెబ్బ చెవి మీద పడింది. మూడోదానికి దేవవ్వ అడ్డం వెళ్తే చక్రధర్ ఆమెను జబ్బ పట్టి గోడ దగ్గరకు లాగి, "నువ్వు కూసో అవ్వా, మొగోల్ల ముచ్చట" అని, సంపత్‌ను చూసి, "మొగోల్లేనా?" అని అడిగి తనకు తానే నవ్వుకున్నాడు.

"నేను మస్కట్ల ఎండల మాడి మాడి వాన్ని సదివిపిస్తి," అన్నాడు మహేందర్. రొప్పుతున్నాడు. "డిగ్రీ పాసయిండు, హైదరబాద్ల కంపెనీల పని చేస్తుండు అని ఊరంత చెప్పుకుంటి. ఇయ్యాల పొద్దుగాల చాయ్ హోటల్ల కూసుంటే ఏమంటున్నరో ఎర్కనా నీకు? 'మహేందరన్నా, మీ ఇంట్లకు కోడలొచ్చిందా, అల్లుడొచ్చిండా' అంటున్నరు. చిన్న చిన్న పోరగాండ్లు. నేను తాగిన చాయ్ గ్లాసు అట్లనే పెట్టి లేసొచ్చిన. నా మొఖం ఎక్కడ పెట్టుకోవాలెరా?"

ఆ మాట అంటున్నప్పుడు వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. దేవవ్వకు వాడి మీద కూడా జాలి కలిగింది. పాపం, వీడూ ఒక తల్లి కన్న కొడుకే అనుకుంది. సరిగ్గా అప్పుడే లోపలి గదిలోంచి చిన్న చప్పుడు వచ్చింది. గొంతులో నొక్కిపట్టిన దగ్గు.

బీడీల ఇళ్లలో పుట్టి పెరిగినవారికి తంబాకు గాటు ముక్కుకే తెలియదు. బయటివారికి ఐదు నిమిషాలు చాలు, గొంతులో ముళ్లు గుచ్చినట్టవుతుంది. ఆ తొందరలో దేవవ్వకు ఈ సంగతి గుర్తురాలేదు. మహేందర్ తల తిప్పాడు. 

దేవవ్వ దగ్గడం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్లుగా బీడీలు చుడుతున్న ఛాతీ ఆమెది. దగ్గు కోసం వెతుక్కోనక్కర్లేదు, కొద్దిగా దారిస్తే చాలు. నడుము వంగిపోయేదాకా, కళ్లలోంచి నీళ్లు కారేదాకా దగ్గింది. లోపల వాడు దగ్గినప్పుడల్లా బయట ఈమె దగ్గింది. 

"ఏందవ్వా, సచ్చేటట్టున్నవ్," అన్నాడు చక్రధర్ విసుగ్గా.

"తంబాకు బిడ్డా," అంది ఆయాసపడుతూ.

మహేందర్ కింద పడి ఉన్న కెమెరా సంచీని కాలితో దొర్లించాడు. కెమెరా తీసి గడప రాయికేసి రెండుసార్లు బాదాడు. అద్దం ముక్కలు వాకిట్లోకి చిందాయి. సంపత్ అరవలేదు, కళ్లు మూసుకున్నాడంతే. మహేందర్ వాడి ముందు గొంతుక్కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. ఈసారి మంచిమాట చెప్పేవాడిలా మాట్లాడాడు.

"సూడు తమ్మీ. ఒక్కటే మాట అడుగుత. బావ ఫోన్ల రికార్డు చేస్తడు. 'గది పనికోసం ఏసిన ఏషం. మేకప్పు. నేనే కట్టిచ్చిన చీర. వాడు గసొంటోడు కాడు, మా ఇద్దరి నడుమ ఏం లేదు' అను. ఊర్ల అందరికి పంపుత. వాన్ని నేను ఇంటికి తోల్కపోత, నువ్వు నీ తొవ్వ పట్టు. ఇగ నిన్ను ముట్ట. అను."

దేవవ్వ ప్రాణం లేచొచ్చింది. అనరా నాయనా, అను, ఒక్క మాటే కదా. అది అబద్ధం కూడా కాదేమో. కళ్లతోనే కొడుకును బతిమాలింది.

చక్రధర్ ఫోన్ ఎత్తి పట్టాడు. "ఊ, చెప్పు. మొఖం ఇటు తిప్పు. ఫోటోగ్రాఫర్‌వే గద, నీకు చెప్పాల్నా?"

సంపత్ మహేందర్ వైపు చూడలేదు. తల్లి వైపు చూశాడు. పెదవి చిట్లి మాట ముద్దగా వస్తోంది.

"ఫ్లెక్సీ కట్టుడు తప్పు," అన్నాడు. "ఫ్లెక్సీల ఉన్నది తప్పు కాదు. అవ్వా, నీకు చెప్దామనే వచ్చిన ఇయ్యాల. నాలుగేండ్లయింది. నేను, వంశీ ఒక్క ఇంట్ల ఉంటున్నం. ఆ ఫోటో పనికోసం తీసింది కాదు. మా ఇంట్ల తీసింది."

చక్రధర్ ఫోన్ దించాడు.

దేవవ్వ చెవుల్లో ఆ మాట దిగడానికి కాసేపు పట్టింది. దిగాక, అది తనకు తెలియని మాట కాదనిపించింది. నాలుగేళ్లుగా ఫోన్ చేసినప్పుడల్లా వెనక గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించేది. "ఎవలు బిడ్డా" అంటే "దోస్తు" అనేవాడు. జ్వరం వస్తే ఆ దోస్తే జావ కాచి పోశాడని చెప్పాడు. పండక్కి రమ్మంటే ఇద్దరికీ సెలవు లేదన్నాడు. ఇద్దరికీ అన్న మాట ఆమె చెవిన పడనే పడింది. భయాలన్నీ ఏరుకొచ్చి దాచుకునే మనిషి ఆ ఒక్కదాన్ని మాత్రం ముట్టకుండా వదిలేసింది. కొడుకు రక్తం కారుతూ ఎదురుగా ఉన్నాడు. తప్పా ఒప్పా అని తూచే తీరిక ఆమెకు లేదు. ఎవరో ఒకరు వీడికి జావ కాచి పోశారు, అంతే ఆమె మనసులో మిగిలింది.

మహేందర్ సంపత్ కుడిచేయి పట్టుకున్నాడు. "దీనితోటేనా నొక్కేది?" అని అడిగాడు. చూపుడువేలు విడదీశాడు. "ఈ వేలుతోటేనా?"

"వద్దు బిడ్డా, నీ కాల్మొక్త," అని దేవవ్వ కేక వేసింది.

మహేందర్ ఆ వేలిని వెనక్కి వంచాడు. వంచుతూనే పోయాడు. ఎండుపుల్ల విరిగినట్టు టక్కుమంది. సంపత్ కేక విని పక్కిళ్ల తలుపులు తెరుచుకున్నాయి. ఎదురింటి వనజ వాకిట్లోకి వచ్చి, చూసి, నోరు మూసుకుని అక్కడే నిలబడింది. మరికొందరు వచ్చారు. కొందరు ఫోన్లు పైకెత్తారు. ఒక్కరూ గడప తొక్కలేదు.

"ఏడున్నడు?"

సంపత్ తల అడ్డంగా ఊపాడు. మహేందర్ పక్క వేలు పట్టుకున్నాడు. దేవవ్వ నోట్లోకి ఆ మాట వచ్చింది. లోపలున్నడు, ఆ గదిల ఉన్నడు, నా కొడుకును ఇడిసిపెట్టు. పెదవుల దాకా వచ్చింది. కన్నతల్లికి రాకుండా ఎట్లా ఉంటుంది? కానీ ఒకసారి ఈ చేత్తోనే ఆ పిల్లవాడి మొఖం వీధిలో పెట్టింది. రెండోసారి నోటితో పెట్టాలా? ఆమె పెదవి కొరుక్కుంది. రెండో వేలు విరిగింది.

లోపలి గది తలుపును వంశీ భుజంతో గుద్దుతున్నాడు. పాత గడియ రెండు గుద్దులకే ఊడింది. గోనె తడి ఒంటికంటుకుని, తంబాకు గాటుకు కళ్లు ఎర్రబడి, దగ్గుతూ బయటికి వచ్చాడు.

"అన్నా, వాన్ని ఇడిసిపెట్టు. నేనొస్త."

మహేందర్ సంపత్ చేయి వదిలేశాడు. తమ్ముణ్ణి కొడతాడనుకుంది దేవవ్వ. కొట్టలేదు, ముందు కాస్సేపు చూశాడు. చిన్నప్పటి నుంచి ఎత్తుకు తిప్పినవాణ్ణి చూసినట్టే చూశాడు. తర్వాత జుట్టు పిడికిట్లో పట్టి నేల మీదికి వంచాడు. మోకాలు వీపు మీద వేశాడు. చాటలో ఉన్న తునికాకు కత్తిరించే ఇనప కత్తెర అందుకున్నాడు.

"గిది పెంచుకునే గద ఆడిదానివైనవ్," అని జుట్టు కత్తిరించడం మొదలుపెట్టాడు. కుదుళ్ల దగ్గర, చేతికి దొరికినకాడికి. ఒకచోట చెవి తెగింది. మెడ మీదుగా రక్తం కారింది. వంశీ పెనుగులాడలేదు. "అన్నా," అంటున్నాడు, "అన్నా, నేను నీ తమ్మున్నే అన్నా." అనేకొద్దీ మహేందర్ చేతిలో కోపం పెరిగింది. జుట్టయిపోయింది. వాడు తమ్ముడి గడ్డం పట్టి మొఖం పైకెత్తాడు.

"ఈ మొఖమేనా నవ్వింది? ఈ సొట్టనేనా అందరు సూసింది?" కత్తెర మొన చెంప సొట్టలో ఆనించాడు. 

సంపత్ విరిగిన వేళ్లతోనే మహేందర్ మీద పడ్డాడు. వాడు కత్తెర జారవిడిచి రెండు చేతులతో సంపత్‌ను విదిలించి కొట్టాడు. ఛాతీ మీద తన్నాడు, మళ్లీ తన్నాడు. చక్రధర్ కూడా దేవవ్వను వదిలేసి ఆ పట్టు విడిపించడానికి వెళ్లాడు.

కత్తెర దేవవ్వ కాళ్ల దగ్గరకు వచ్చి పడింది. ఆ కత్తెరతో ఆమె ముప్పై ఏళ్లుగా ఆకు తప్ప ఇంకేదీ కోయలేదు. వంగి అందుకున్నప్పుడు తానేం చేయబోతోందో ఆమెకు తెలియదు. పొడిచాకనే తెలిసింది. మహేందర్ కుడితొడ, గజ్జకు కొంచెం కింద. పిడి దాకా దిగింది. భయపడి వెంటనే లాగేసింది. అదే తప్పయింది. లాగగానే రక్తం చిమ్మి ఆమె మొఖం మీద, చాటలోని బీడీల మీద పడింది.

మహేందర్ నమ్మలేనట్టు తొడ వైపు చూసుకున్నాడు. తర్వాత దేవవ్వ వైపు. "అవ్వా, నువ్వా?" అన్నాడు. అని కూలబడ్డాడు.

చక్రధర్ నవ్వు ఎప్పుడో పోయింది. "బావా, దవఖానకు పోదాం పా, గిక్కడ్నే పెద్ద దవఖాన," అని వాణ్ణి లేపబోయాడు.

"వద్దు," అన్నాడు మహేందర్ పళ్లు బిగించి. "దవఖాన అంటే పోలీసోల్లు అడుగుతరు. ఎట్ల తాకింది, ఎందుకు పోయినవ్ అంటరు. మల్ల పేపర్ల రాస్తరు. ఎల్లారెడ్డికి పోనియ్యి. ఇంట్లనే కుట్లు ఏపిద్దాం. వీన్ని ఎక్కియ్యి."

"అన్నా, ఎల్లారెడ్డి దాక ఆగది," అన్నాడు వంశీ. వాడు అప్పటికే తన అంగీ విప్పి ఉండచుట్టి అన్న తొడ మీద రెండు చేతులతో అదిమిపట్టాడు. సగం గుండు, చెవి నుంచి రక్తం, అన్న రక్తంలో మునిగిన చేతులు. "బావా, జల్ది దవఖానకు తీస్కపో. నేను మీ ఎంటనే వస్త. యాడికంటే ఆడికి వస్త. ముందుగాల దవఖానకు తోలు."

"ఎల్లారెడ్డికే," అన్నాడు మహేందర్. 

చక్రధర్ వాళ్లిద్దరినీ వెనక సీటులోకి తోశాడు. వంశీ చేతులు గాయం మీది నుంచి తీయలేదు. తీస్తే రక్తం ఆగదు, తీయకపోతే కారు దిగలేడు. ఎల్లారెడ్డి చేరితే వాడు మళ్లీ బయటికి వస్తాడా? ఇంట్లో పెట్టి తాళం వేస్తారో, పొలంలో బావి చూపిస్తారో ఎవరికి తెలుసు? దేవవ్వకు అన్నీ ఒక్కసారే కళ్లముందు కనబడ్డాయి. ఎప్పుడూ కనబడేవే, కాకపోతే ఈసారి అవి ఉత్త భయాలు కావు. గంట దూరంలో ఉన్నాయి.

సంపత్ గోడ దగ్గర పడి ఊపిరి తీయలేక మూలుగుతున్నాడు. "అవ్వా... వాన్ని పోనియ్యకు..."

దేవవ్వ నడుముకు దోపుకున్న చిన్న ఫోన్ తీసింది. బొత్తాల ఫోన్, వేళ్లకు రక్తం జారుతోంది. ఒకటి, సున్నా, సున్నా. చెవికి పెట్టుకుని పరుగెత్తి కారు ముందు నిలబడి, ఎడమచేయి బానెట్ మీద ఆనించింది. కాలుతోంది. తీయలేదు.

"జరుగవ్వా!" చక్రధర్ హారన్ కొట్టాడు. "తొక్కిచ్చి పోత సూడు!"

"దేవవ్వా, పక్కకు రా, నీకెందుకే?" అని వనజ అరిచింది.

ఫోన్‌లో ఒక ఆడపిల్ల గొంతు పలికింది. "చెప్పండమ్మా, ఏమైంది?"

"నేను మనిషిని పొడిసిన బిడ్డా," అంది దేవవ్వ. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది, వణుకు లేదు. "కత్తెరతోని పొడిసిన. నేనే పొడిసిన, ఇంకెవలు కాదు, రాస్కో. నా పేరు దేవవ్వ. కామారెడ్డి." సందు పేరు చెప్పింది, ఇంటి గుర్తు చెప్పింది. "జల్ది పోలీసోల్లను తోలు. అంబులెన్సును తోలు. కార్ల ఏస్కొని ఎల్లారెడ్డి తీస్కపోతున్నరు, దవఖానకు పోతలేరు. ఒక పిల్లగాన్ని గుడ పట్టుకపోతున్నరు. వాన్ని ఆపుండ్రి బిడ్డా, నన్ను జైల్ల ఏసినా మంచిదే, వాన్ని పోనియ్యకుండ్రి."

కారు అడుగు ముందుకు జరిగింది. బంపర్ మోకాళ్లకు తగిలింది. దేవవ్వ కదలలేదు. ఇంకో అడుగు. ఆమె వెనక్కి ఒరిగి, బానెట్‌ను గట్టిగా పట్టుకుని మళ్లీ నిలబడింది.

"ఉండండమ్మా, బండి పంపిస్తున్నాం. మీరు లైన్ కట్ చేయకండి," అంది ఫోన్‌లో పిల్ల. "మీరు పొడిచినాయన, ఆయన బతికే ఉన్నాడా అమ్మా?"

దేవవ్వ ముందు అద్దంలోంచి లోపలికి చూసింది. స్టీరింగ్ వెనక చక్రధర్ మొఖానికి చెమటలు పట్టాయి. వెనక సీటులో మహేందర్ తల తమ్ముడి భుజం మీదికి వాలింది, నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. వంశీ అన్న మొఖం వంకే చూస్తున్నాడు, ఎంతసేపటి నుంచో.

"అమ్మా? ఉన్నారా? ఆయన బతికే ఉన్నాడా?"

వంశీ తల ఎత్తి, అద్దంలోంచి దేవవ్వ కళ్లలోకి చూశాడు. చూస్తూనే, ఇక అదిమిపట్టి లాభం లేదన్నట్టు గాయం మీది నుంచి రెండు చేతులూ తీసేశాడు.